కోతుల బెడదకు ఎలుగుబంటి వేషం: ఇంట్లోనే కుట్టుకునే పద్ధతి

వీడియోలో వేషం తొడుక్కొని తిరగడం చూసినారు. దాన్ని ఎట్ల తయారు చేయాలె, కొలతలు ఏంటివి, పొలంలో ఎట్ల వాడాలె అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నా. వీడియో పక్కన పెట్టుకొని చదవండి.

ముందు అసలు సంగతి. మక్క ఒక్కటే వేసినోళ్ళకు కోతుల బాధ కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా. మనలాగా ఐదంచెల తోట పెట్టినోళ్ళకు అట్ల కాదు. జామ అయిపోతే బొప్పాయి, అది అయిపోతే చిక్కుడు, పల్లి. ఏడాది పొడుగునా ఏదో ఒకటి చేతికి వస్తది, అంటే కోతికి కూడా ఏడాది పొడుగునా అన్నమే. ముప్కాల్, బాల్కొండ దిక్కు కోతులు తినని పంటే వేద్దామనే మాట వింటనే ఉన్నం. అట్ల పోతే తోటల ఒకే పంట మిగులుతది, మన పద్ధతే పోతది.

ఎవరెవరు వాడినారు?

2022 మార్చిలో సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు ఎలుగుబంటి వేషం వేసి పొలం చుట్టూ తిరగడానికి ఒక మనిషిని రోజుకు 500 రూపాయలకు పెట్టుకున్నడు. 2023లో ఉత్తరప్రదేశ్ లఖీంపూర్ ఖేరీ జిల్లా జహాన్ నగర్‌లో చెరకు రైతులు చందాలు వేసుకొని 4,000 రూపాయలకు ఇట్లాంటి వేషమే కొన్నరు. మనకు పీర్ల పండుగకు, దసరాకు కట్టే పులివేషం తెలిసిందే. మనిషి నడక దాచి జంతువు నడక చూపించుడు అందులో అసలు విద్య. మీ ఊర్లో పులివేషం కట్టే పెద్దమనిషి ఉంటే నడక ఆయన దగ్గర నేర్చుకోండి.

ఎలుగుబంటిని ముందు సరిగ్గా చూడాలె

మన దగ్గరి ఎలుగుబంటికి ఒళ్ళంతా చింపిరి నల్ల వెంట్రుకలు. మెడ, భుజాల మీద ఇంకా పొడుగు. మూతి ముందుకు పొడుచుకొచ్చి తెల్లగా పాలిపోయి ఉంటది. ఛాతి మీద తెల్లటి గుర్తు, కింద కొస ఉన్న చంద్రవంక లెక్క. గోళ్ళు పొడుగు, వంపు తిరిగి తెల్లగా ఉంటయి. నాలుగు కాళ్ళ మీద నిలబడితే భుజం ఎత్తు 60 నుంచి 90 సెంటీమీటర్లు. బెదిరితే రెండు కాళ్ళ మీద లేస్తది. మనకు కలిసొచ్చేది ఇదే: మనిషి నిలబడ్డా వేషం చెడిపోదు.

తయారీ

1. లోపలి అంగి: వదులుగా ఉన్న పాత నూలు పొడుగు చేతుల అంగి, పైజామా. రెండూ నడుము దగ్గర కలిపి కుట్టాలె. ముందట పై నుంచి కింది దాకా వెల్క్రో పెట్టండి. ఒక్క గుంజుకు విప్పుకునేటట్టు ఉండాలె.

2. వెంట్రుకలు: బొమ్మలకు వాడే నల్ల బొచ్చు గుడ్డ బజార్లో దొరుకుతది కాని, గాలి ఆడదు. పాత గోనె సంచులు పోగులు తీసి వాడవచ్చు. పచ్చిరొట్టకు జనుము వేసినోళ్ళు ఒక మూలకు దున్నకుండా ఉంచి, కాయ పట్టినంక కోసి, కట్టలు నీళ్ళల్ల నానబెట్టి నార తీసుకోవచ్చు. పోగు పొడుగు జానెడు ఉండాలె. భుజాలకు జానెడున్నర.

3. నలుపు రంగు: కలంకారీ వాళ్ళ పద్ధతి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టాలె. నారను ముందు కరక్కాయ నీళ్ళల్ల నానబెట్టి ఆరబెట్టండి. తర్వాత ఇనుప నీళ్ళల్ల ముంచితే కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతది. రెండుసార్లు ముంచి, మంచి నీళ్ళతో జాడించి, నీడకు ఆరబెట్టండి.

4. కుట్టుడు: గుడిసెకు గడ్డి కప్పినట్టే. కింది నుంచి మొదలు పెట్టి రెండంగుళాలకు ఒక వరుస చొప్పున పైకి పోవాలె. పై వరుస కింది కుట్టును కప్పాలె. చంకల కింద, తొడల నడుమ పోగులు పొడుగ్గా వదలండి. మనిషి చేతులు, కాళ్ళు విడివిడిగా కనపడితే కోతి పట్టేస్తది. భుజాల మీద ఎండిన మక్క పొట్టు నింపిన చిన్న దిండు కుడితే మూపురం వచ్చి మెడ కనపడదు.

5. తల: వెదురు బుట్ట బోర్లించి, మూతికి చిన్న బుట్ట కట్టి, పైన పాత పేపర్లు చింతగింజల జిగురుతో నాలుగైదు పొరలు అతికించాలె. గోదావరి అవతల నిర్మల్ బొమ్మలకు రంపపు పొట్టులో కలిపేది ఈ జిగురే. పురుగు పట్టకుండా వేపాకు కషాయం కలపండి. నీమాస్త్రం మాత్రం కలపకండి, ఆ తలలో ముక్కు పెట్టుకునేది మనమే! చూపు కోసం కళ్ళకు కాకుండా నోటికి రంధ్రం పెట్టి నల్ల జాలి కట్టండి. కింద నేల కూడా కనపడాలె. తల వెనుక భాగం గాలికి వదిలేసి వెంట్రుకలతో కప్పండి.

6. గోళ్ళు: వెదురు బద్దలు మూడంగుళాలు, కొసలు గుండ్రంగా అరగదీసి పాత చేతి తొడుగులకు కట్టండి.

అయినంక 50 అడుగులు దూరం పోయి చూడండి. మొదట మనిషి గుర్తొస్తే మెడ, మోకాళ్ళ దగ్గర పోగులు పెంచాలె.

వాడే పద్ధతి

బొమ్మ చేసి గట్టు మీద కూర్చోబెడితే కొద్ది రోజులే. కదలనిది కరవదని కోతి తొందరగా నేర్చుకుంటది. రోజూ ఒకే టైముకు, ఒకే దారిల తిరిగినా అంతే. పొద్దున ఒకరోజు, సాయంత్రం ఒకరోజు, మధ్యలో రెండు రోజులు బంద్. గుంపు చెట్ల మీద నుంచి దిగేటప్పుడే, చాటు నుంచి నాలుగు కాళ్ళ మీద వచ్చి, ఒక్కసారి లేచి, మళ్ళా చాటుకు పోవాలె. కోతుల ముందు వేషం వేసుకోవద్దు, విప్పవద్దు. వేషం మధ్యల మాట్లాడవద్దు. ఒక దిక్కు పారిపోయే దారి వదలండి. ఆ దారి 44వ నంబరు హైవే మీదికి, పక్క రైతు చేను మీదికి కావద్దు.

కూలి లెక్క: రోజుకు 500 చొప్పున 60 రోజులకు 30,000. ఒక్క రైతుకు ఇది బరువు. పది మంది కలిస్తే మనిషికి 3,000. పైగా ఒక్కరి పొలంలోంచి కొడితే పక్క పొలంలోకే పోతయి. అందుకే ఇది ఊరంతా కలిసి చేసే పని.

ప్రాణం ముందు, పంట తర్వాత

- ఎండాకాలం పొద్దెక్కినంక వేషం వద్దు. ఎప్పుడైనా 20 నిమిషాలకు మించి ఉంచుకోవద్దు. నీళ్ళు తాగి వేసుకోవాలె. తల తిరిగితే వెంటనే విప్పాలె.
- నార ఎండుగడ్డి లెక్క అంటుకుంటది. బీడీ, కొయ్యకాలు మంటల దగ్గరికి పోవద్దు.
- మన గుట్టల్ల ఎలుగుబంట్లు నిజంగానే ఉన్నయి. చూసినోళ్ళు నిజమనుకొని కట్టెలతో వస్తరు. ఊర్లో, పంచాయతీలో ముందే చెప్పండి. చీకట్ల అస్సలు తిరగవద్దు. ఎర్ర తువ్వాల పట్టుకొని ఒక మనిషి దూరంగా తోడు ఉండాలె.
- కరెంటు తీగలు పెట్టిన చేన్లకు పోవద్దు. పందుల కోసం పెట్టిన తీగలకు మనుషులు చనిపోతున్నరు.
- నిజమైన ఎలుగుబంటి తోలు, గోళ్ళు దొరికినా ముట్టుకోవద్దు. అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు. కేసు అయితది.

వేషం కోతులను పంపిస్తది, తగ్గించదు. కాపు సమయంలో పంటను కాపాడుకునే ఒక పనిముట్టు అంతే. గుంపులు మరీ పెరిగితే పంచాయతీ ద్వారా పట్టించి, నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో తెరిచిన కోతుల పునరావాస కేంద్రం లాంటి చోటికి పంపాలని అటవీ శాఖను అడగాలె. రోడ్డు పక్క కోతులకు అరటిపండ్లు వేసే అలవాటు కూడా మానిపించాలె. రోడ్డు మీద పెట్టిన అన్నమే వాటిని మన చేను దాకా తెస్తున్నది.

జనుము ఇప్పుడు పొలంలో ఉన్నోళ్ళు ఒక మూల దున్నకుండా ఉంచండి. వచ్చే మక్క కంకి పట్టేనాటికి వేషం సిద్ధమైతది.