అందరికీ దారి ఉన్న సభ

తిరువళ్లూరు,
జూలై 10

చిరంజీవి అమ్మాయికి,

సెప్టెంబరు 5న మీ కాలేజీలో జరిగే ఉపాధ్యాయ దినోత్సవ సభ, మరునాటి సదస్సు బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది తల్లీ. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టిన ఊరు మీ కాలేజీ ఉన్న తిరుత్తణే. ఆయన పుట్టినరోజును 1962 నుంచి దేశమంతా ఉపాధ్యాయ దినంగా జరుపుకుంటోంది. స్వతంత్రం వచ్చాక మన విశ్వవిద్యాలయాలు ఎలా ఉండాలో చెప్పమని 1948లో వేసిన కమిషన్‌కు అధ్యక్షుడూ ఆయనే. ఆయన ఊళ్ళో, ఆయన పేరున జరిగే సభకు రావాలనుకున్న ఏ విద్యార్థీ గుమ్మం దగ్గర ఆగిపోకూడదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. వైకల్యం ఉన్న పిల్లల కోసం చేయాల్సిన ఏర్పాట్లను సభ రోజున వాలంటీర్ల మంచితనానికి వదిలెయ్యొద్దు. తేదీ, హాలు ఖాయం చేసేనాడే వాటినీ ఖాయం చెయ్యి.

కొన్నేళ్ళ క్రితం ఒక కాలేజీ వార్షికోత్సవానికి వెళ్ళాను. వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చిన అమ్మాయి చక్రాల కుర్చీలో ఉంది. వేదికకు ఐదు మెట్లు. పేరు పిలవగానే నలుగురు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి కుర్చీ ఎత్తబోయారు. ఆ పిల్ల రెండు చేతులతో చక్రాలు గట్టిగా పట్టుకుని "వద్దన్నా, వద్దు" అంది. ముఖ్య అతిథి కిందికి దిగివచ్చి, వంగి సర్టిఫికెట్ ఇచ్చారు. చప్పట్లు మోగిపోయాయి. తర్వాత విజేతలందరినీ వేదిక మీద వరుసగా నిలబెట్టి ఫొటో తీశారు. మొదటి బహుమతి అమ్మాయి అందులో లేదు. అక్కడున్నవాళ్ళలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరమ్మా. బహుమతి ఎవరిదో వారం ముందే అందరికీ తెలుసు. వేదిక ఎత్తు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

వేదిక లెక్క చెబుతాను, రాసిపెట్టుకో. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు. మూడడుగుల వేదికకు ముప్పై ఆరు అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి చదునైన చోటు కావాలి. ప్లైవుడ్ పలక ఒకటి మెట్ల మీద వాల్చి ర్యాంపు అంటే అది ప్రమాదమే. అంత జాగా లేకపోతే పెద్ద వేదిక మానెయ్యి. అరడుగు ఎత్తు బల్లలు వేయించు, ఆరడుగుల ర్యాంపు చాలు. లేదంటే అతిథులనూ నేల మీదే కుర్చీలు వేసి కూర్చోబెట్టు, ఎవరి గౌరవమూ తగ్గిపోదు. తలుపు మూడడుగుల వెడల్పుందో లేదో టేపుతో కొలువు. చక్రాల కుర్చీకి చోటు వెనక గోడ వారగా ఒక్కటే కాకుండా, ముందు వరుసలోనూ మధ్యలోనూ ఒక్కో కుర్చీ తీయించి ఉంచు, స్నేహితుల పక్కనే కూర్చునేలా. వికలాంగుల కోసం కట్టిన మరుగుదొడ్డి చాలాచోట్ల చీపుర్లు, విరిగిన బెంచీలు దాచుకునే గదిగా మారిపోయి ఉంటుంది. ముందురోజు నువ్వే వెళ్ళి తలుపు తీసి, నీళ్ళు వస్తున్నాయో లేదో చూడు.

మెట్లెక్కి వచ్చినవాళ్ళదే భక్తి అని మన తిరుత్తణి కొండ మీద ఎవరూ అనరు. ఏడాదికి రోజుకొకటి లెక్కన 365 మెట్లున్నాయి, పైదాకా వాహనాలు వెళ్ళే రోడ్డూ ఉంది. ఎటునుంచి వచ్చినా దర్శనం ఆ మురుగన్‌దే. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో ఇసుక మీద చెక్కదారి వేశాక, రోడ్డు మీంచే సముద్రాన్ని చూసి వెళ్ళిపోయేవాళ్ళు చక్రాల కుర్చీలో అలల దగ్గరికి వెళ్ళగలిగారు. కాలేజీ సభకూ అలాంటి రెండో దారి కావాలి.

ఎవరికి ఏం కావాలో నువ్వు ఊహించుకోవద్దు, అడుగు. ఆహ్వానపత్రం మీదే "మీకు ఏ ఏర్పాటు అవసరమో ఫలానా తేదీలోగా ఈ నంబరుకు తెలియజేయండి" అని ఒక్క వాక్యం వేయించు. తరగతిలో అందరి ముందూ చేతులెత్తమనకు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో తలసేమియా, మానసిక అనారోగ్యం లాంటివి చూస్తే తెలిసేవి కావు. హోరెత్తే స్పీకర్లు, మెరిసే లైట్లు భరించలేని పిల్లలుంటారు. హాలు పక్కన ఒక గది ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంచితే కాసేపు కూర్చుని మళ్ళీ వస్తారు.

ఆహ్వానం సంగతి ఇంకోటుంది. ప్రెస్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసి, దాన్ని ఫొటోగా వాట్సాప్‌లో పంపేస్తారు. చూపులేని విద్యార్థి ఫోన్ ఆ బొమ్మను సరిగా చదివి వినిపిస్తుందన్న నమ్మకం లేదు. అదే సమాచారాన్ని యూనికోడ్‌లో టైపు చేసి బొమ్మ కింద పెట్టు. సదస్సులో మాట్లాడేవాళ్ళ స్లయిడ్లు రెండు రోజుల ముందే తెప్పించి పిల్లలకు పంపు. "ఈ పటంలో చూడండి" అని ఊరుకోకుండా పటంలో ఏముందో నోటితో చెప్పమని వక్తలకు ముందే మనవి చెయ్యి. "నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు" అనేవాళ్ళకు కూడా మైకు ఇవ్వు. వినికిడి తక్కువైన పిల్లలకు ఆ మైకే ఆధారం. సంజ్ఞా భాష అనువాదకులు కావాలంటే ఇప్పుడే మాట్లాడుకో. గంటల తరబడి ఒక్కరే చేతులాడించలేరు, ఇద్దరు ఉండి మార్చుకుంటూ చేయాలి. వాళ్ళను వక్త పక్కనే నిలబెట్టు. స్లయిడ్ల కోసం లైట్లు ఆర్పినా వాళ్ళ మీద ఒక దీపం వెలుగుతూనే ఉండాలి, లేకుంటే చెవిటి పిల్లలకు సభ అక్కడితో ఆగిపోతుంది.

భాష కూడా గుమ్మమేనమ్మా. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోది. పళ్లిపట్టు వైపు ఊళ్ళలో ఇప్పటికీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇంగ్లీషులోనే సదస్సు నడిపితే తొలితరం చదువుకునే పిల్లలు నోరు విప్పరు. ప్రశ్నలు తమిళంలో, తెలుగులో అడగవచ్చని మొదటే ప్రకటించు. ఆ ఊళ్ళకు వెళ్ళే బస్సుల వేళలు చూసుకుని సభ ముగించు. చీకటి పడితే ఆడపిల్లలు సగంలోనే లేచి వెళ్ళిపోతారు. వచ్చే ఏడాది కార్యక్రమాలకు తేదీలు పెట్టేటప్పుడు కొండ మీద ఆడి కృత్తిక ఉత్సవం జరిగే రోజులు వదిలెయ్యి. ఆ జనంలో మామూలు మనిషికే ఊళ్ళోకి రావడం కష్టం, కర్రసాయంతో నడిచేవాళ్ళు ఎలా వస్తారు?

ఇదంతా దయాధర్మమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు వికలాంగులకు ఇవ్వాలని ఆ 2016 చట్టమే చెప్పింది. సీటిచ్చి సభకు దారి ఇవ్వకపోతే ఆ చదువు సగమే. యూజీసీ 2022లో విశ్వవిద్యాలయాలకూ కాలేజీలకూ దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, వికలాంగులకు దారి కల్పించే నియమాలు వీలైతే చేసే సిఫారసులుగా ఉంటే చాలదు, తప్పనిసరి ప్రమాణాలు ఉండాల్సిందేనని తీర్పు చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక సమర్పించింది హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం. మీ ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు వీటి ప్రతులు పట్టుకెళ్ళు. వినయంగా చెప్పు, కానీ గట్టిగా చెప్పు.

డబ్బు లేదంటారు. శాలువాలు, జ్ఞాపికలు, పూలదండల ఖర్చు రాసిన కాగితం తీసి చూపించు. అందులో సగం తగ్గించినా అనువాదకుల ఖర్చులో చాలా భాగం కలిసివస్తుంది.

కమిటీ తొలి సమావేశం ఇంకా జరగలేదన్నాడు మీ నాన్న. మంచిదే. వైకల్యం ఉన్న విద్యార్థులను ఇద్దరు ముగ్గురిని ఆ కమిటీలో సభ్యులుగా చేర్చు, హాలు వాళ్ళనే చూసి చెప్పమను. వాళ్ళు సరేనన్న తర్వాతే ఆహ్వానాలు అచ్చుకివ్వు. ముఖ్య అతిథి ఎవరన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన