పంక్చరు సామానుకు సైకిలు మీద చోటు: ఆటోనగర్ దారి నేర్పిన పాఠాలు

విజయవాడ కృష్ణలంక నుంచి బెంజ్ సర్కిల్, పటమట మీదుగా ఆటోనగర్ దాకా సైకిలు తొక్కి, అక్కడ లేత్ మిషను మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఆఫీసులకు సైకిలు మీద వెళ్ళే పిల్లలు మళ్ళీ కనబడుతున్నారు. చూస్తే ప్రాణం లేచొస్తుంది. వాళ్ళలో చాలామంది పంక్చరు సామాను కొంటారు, కొని ఇంట్లో బీరువాలో పెడతారు. ఏం కొనాలో చెప్పేవాళ్ళకు కొదవలేదు. కొన్నదాన్ని సైకిలు మీద ఎక్కడ, ఎలా పెట్టుకోవాలో చెప్పేవాళ్ళే తక్కువ. నేను పాటించిన సూత్రం ఒకటుంది. వస్తువు ఎంత పెద్దదో చూసి చోటు వెతకకూడదు. దాన్ని ఏది పాడుచేస్తుందో, ఎండో, వానో, కుదుపో, దొంగో, అది చూసి చోటివ్వాలి.

1. సామాను సైకిలుతో ఉండాలి, మన సంచిలో కాదు.

ఆఫీసు సంచి మారుతుంది. ఒకరోజు చేతులూపుకుంటూ బయల్దేరతాం. ఇంకోరోజు సైకిలు తమ్ముడు తీసుకెళతాడు. ఏ రోజు సంచి మారిందో ఆ రోజు సామాను ఇంట్లోనే ఉండిపోతుంది. పాత రోజుల్లో టూర్ డి ఫ్రాన్స్ పోటీగాళ్ళు అదనపు టైర్లను భుజాల మీదుగా అడ్డంగా చుట్టుకుని తొక్కేవాళ్ళు. అది పందెం కోసం పడిన పాటు. రోజూ పనికెళ్ళేవాళ్ళు ఒంటి మీద ఏదీ మోయక్కర్లేదు, సైకిలుకు కట్టేయాలి. దీనికి మినహాయింపులు రెండే, అవి 5, 7 అంకెల దగ్గర చెబుతాను.

2. ముందు మీ సైకిలును చూడండి, తర్వాత సామాను.

28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, నిండు చైన్ కవరు, క్యారియరు, పెద్ద స్టాండు ఉన్న పాత నల్ల సైకిలుకు వెనక చక్రం ఊడదీయడం రోడ్డు పక్కన చేసే పని కాదు. ఊడదీయక్కర్లేదు కూడా. టైరును ఒక పక్క మాత్రమే రిమ్ము మీంచి దాటించి, ట్యూబును కన్నం ఉన్నంతమేర బయటికి లాగి, అక్కడికక్కడే అతికించవచ్చు. కాబట్టి ఆ సైకిలుకు అదనపు ట్యూబు మోయడం దండగ. ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం, రెండు టైరు లీవర్లు, పంపు, ఇవి చాలు.

ఒక్క మీట తిప్పితే చక్రం ఊడివచ్చే ఇప్పటి గేర్ల సైకిలుకు లెక్క తిరగబడుతుంది. దానికి అదనపు ట్యూబే మొదటి వస్తువు. రోడ్డు మీద ట్యూబు మార్చేసి, చిల్లుపడినదాన్ని రాత్రి ఇంట్లో తీరిగ్గా అతికించుకోవచ్చు. ట్యూబు కొనేముందు టైరు పక్కగోడ మీద అచ్చు వేసిన కొలత చూసుకోవాలి. 26, 27.5, 700 అని రకరకాలుంటాయి. చక్రం నట్లతో బిగించినదైతే వాటికి సరిపోయే పానా కూడా సైకిలుకు కట్టే సంచిలో ఉండాలి. అది లేనిదే అదనపు ట్యూబు ఎందుకూ కొరగాదు.

టైరు రిమ్ముకు అతికించి ఉన్న రోజుల్లో ఒక్క పంక్చరు బాగుచేయడానికి గంటలు పట్టేదట. సులువుగా ఊడదీసి తొడిగే సైకిలు టైరును ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు తెచ్చింది 1891లో. మన చిన్న సంచికి అర్థం వచ్చింది అలాంటి టైరు వచ్చాకే.

3. సంచిలో ఏముండాలో మీరు తిరిగే రోడ్డు చెబుతుంది.

ఆటోనగర్ లారీల బాడీలు కట్టే చోటు. మేకులు కంటికి కనబడతాయి, వాటితో పేచీ లేదు. అరిగిపోయిన లారీ టైర్లలోంచి ఊడిపడే ఉక్కు తీగ ముక్కలు వెంట్రుకంత సన్నంగా ఉంటాయి. ట్యూబు అతికించి గాలి కొట్టి వందగజాలు వెళ్ళేసరికి మళ్ళీ చక్రం కూర్చుంటే, తీగ టైరులోనే ఉండిపోయిందన్నమాట. టైరు లోపలంతా వేళ్ళతో కాక గుడ్డతో తడమాలి. తీగ ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. వేళ్ళతో తడిమితే వేలు తెగుతుంది. దాన్ని లాగడానికి చిన్న పట్టకారు కావాలి. నా సంచిలో టైరు లీవరు కంటే పట్టకారుకే విలువెక్కువ.

రాయలసీమ డొంకల్లో తిరిగేవాళ్ళకు పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. పల్లేరులో పడితే ఒక్క కన్నంతో పోదు, ఒకే చక్రానికి నాలుగైదు పడవచ్చు. వాళ్ళు ప్యాచ్‌లు ఎక్కువ పెట్టుకోవాలి.

4. సీటు వెనకే అన్నిటికంటే మంచి చోటు.

పాత తోలు సీట్లకు వెనకవైపు రెండు చిన్న కళ్ళుంటాయి. తోలు సంచి పట్టీలు దూర్చుకోవడానికే వాటిని పెట్టారు. అక్కడ సంచి కాలికి తగలదు, హ్యాండిలు బరువెక్కదు, క్యారియరు ఖాళీగా ఉంటుంది. ఒక్కటి గమనించాలి. స్ప్రింగుల సీటైతే మనం కూర్చోగానే అది కిందికి దిగుతుంది. సంచి స్ప్రింగుల మధ్యకు జారితే గుడ్డ నలిగి చిరుగుతుంది. సంచి కట్టాక సీటు మీద కూర్చుని, చేయి వెనక్కి పెట్టి చూసుకోవాలి. వెనక మడ్‌గార్డు లేని సైకిలైతే వానలో చక్రం చిమ్మే బురదంతా ఈ సంచికే. అలాంటప్పుడు లోపల ఇంకో ప్లాస్టిక్ సంచి తప్పనిసరి.

సంచి నిండుగా ఉండాలి. ఖాళీ ఉంటే ప్రతి గతుకుకూ ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది, పక్కనున్న ట్యూబును రాసి చిల్లు వేస్తుంది. లీవర్లను, పట్టకారును పాత పంచె ముక్కలో చుట్టండి. చప్పుడు పోతుంది, చేతులు తుడుచుకోవడానికి గుడ్డా దొరుకుతుంది.

ముందు బుట్టలో పెడితే ఎగిరిపడుతుంది. ఫ్రేము మధ్య త్రికోణంలో కట్టే సంచులు బాగానే ఉంటాయి, మోకాలికి తగలనంత సన్నంగా ఉంటే. నీళ్ళ సీసా పెట్టే చట్రంలో వెడల్పు మూత సీసా పెట్టి అందులో సామాను దాచేవాళ్ళున్నారు. వానకు ఇంతకంటే భద్రమైన చోటు లేదు, కానీ వేసవిలో తాగే నీళ్ళ చోటు వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

5. సొల్యూషన్: మూత తెరిచింది ఇంట్లో, తెరవనిది సైకిలు మీద.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఈ పాఠం. సొల్యూషన్ అంటే ఇట్టే ఆవిరైపోయే ద్రావకంలో కరిగించిన రబ్బరు. ఒకసారి మూతిని పొడిచి తెరిచాక మరలు ఎంత బిగించినా ద్రావకం కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది. విజయవాడ మే నెల ఎండలో షెడ్డు లేని చోట సైకిలు పెడితే ఆ పోయేది ఇంకా తొందరగా పోతుంది. అవసరానికి తీసి నొక్కితే లోపల ఎండిన రబ్బరు తప్ప ఏమీ ఉండదు. సీలు తీయనిది ఆ ఎండకు చాలాకాలం తట్టుకుంటుంది. అందుకని రోడ్డు మీద ఒకసారి వాడిన సొల్యూషన్ ట్యూబు ఆ సాయంత్రమే ఇంటికి చేరాలి, దాని స్థానంలో కొత్తది సంచిలోకి రావాలి. చిన్నవి ఖరీదు తక్కువ. నిప్పు అంటుకునే వస్తువు కాబట్టి ఇంట్లోనూ పొయ్యికి దూరంగా పెట్టాలి.

వాడటంలో ఓపిక కావాలి. పలచగా పూసి, మెరుపు పోయి వేలికి అంటుకోనంత వరకు ఆగి, అప్పుడు ప్యాచ్ వేసి నొక్కాలి. తడిమీద వేసిన ప్యాచ్ జారిపోతుంది. సొల్యూషన్ అక్కర్లేని అంటుడు ప్యాచ్‌లు ఇల్లు చేరడానికి పనికొస్తాయి. మన ఎండల్లో వాటిని శాశ్వతమని నమ్మను.

6. ప్యాచ్‌లకు పొడుము డబ్బా.

మడత పడకూడదు, వెనక రేకు ఊడకూడదు, తడి తగలకూడదు. చదునుగా ఉండే రేకు డబ్బా ఏదైనా ఈ మూడింటినీ కాపాడుతుంది. గరుకు కాగితాన్ని గరుకువైపు లోపలికి మడిచి పెట్టాలి. లేకపోతే దారి పొడవునా ప్యాచ్‌లను గీకుతూనే ఉంటుంది. అదనపు ట్యూబుకు కాస్త పౌడరు రాసి పాత మేజోడులో దూర్చితే ఏళ్ళ తరబడి అంటుకుపోకుండా ఉంటుంది.

7. పంపు మనతో దిగాలి.

సంచిలో ఏముందో ఎవరికీ తెలియదు, పంపు మాత్రం అందరికీ కనిపిస్తుంది. సైకిలు స్టాండులో ముందు పోయేది అదే. ఫ్రేముకు పాత ట్యూబు కోసిన పట్టీలతో కట్టుకోండి. పెద్ద చోట్ల ఆపినప్పుడు విప్పి క్యారేజీ సంచిలో వేసుకోండి. కట్టేటప్పుడు మూతి కిందికి ఉండాలి, దాన్ని గుడ్డతో మూయాలి, దుమ్ము చేరితే గాలి పట్టదు. కొత్త పంపు కొన్న రోజునే మీ సైకిలు వాల్వుకు పట్టుతుందో లేదో ఇంట్లో కొట్టి చూడండి. వాల్వుల్లో మూడు రకాలున్నాయి, అన్ని మూతులూ అన్నిటికీ పట్టవు.

8. వాల్‌ట్యూబు ముక్క.

పాత రకం వాల్వు ఉన్నవాళ్ళకే ఇది. సన్నటి రబ్బరు గొట్టం, రెండంగుళాలు చాలు, పొడుము డబ్బాలో ఓ మూల పడి ఉంటుంది. చక్రం మెత్తబడగానే టైరు విప్పకండి. వాల్వు మూతికి ఉమ్మి రాసి చూడండి. బుడగ వస్తే ట్యూబులో కన్నం ఉండకపోవచ్చు, ఎండకు వాల్వు రబ్బరు చివికి ఉండొచ్చు. ముక్క మార్చి గాలి కొడితే చాలు.

9. చీకట్లో చేతికి అందాలి.

ముందు కావాల్సింది పైన ఉండాలి: లీవర్లు, పట్టకారు, గరుకు కాగితం, సొల్యూషన్, ప్యాచ్, ఆ వరసలో. ఆదివారం ఇంట్లో ఒకసారి చక్రం విప్పి, ట్యూబు తీసి, మళ్ళీ ఎక్కించండి. ఇంట్లో ఆడపిల్లలకు సైకిలుంటే వాళ్ళ చేతా చేయించండి. అంతదాకా చేయకపోతే ఆ సామాను ఉండీ లేనట్టే.

సామాను పెట్టుకోవడమంటే పంక్చరు షాపాయన పొట్ట కొట్టడం కాదు. తెల్లవారుజామున, పండగ రోజున, రాత్రి షిఫ్టు విడిచాక ఆయన షాపు ఉండదు, అప్పటికే మన సంచి. రోడ్డు మీద నేను హడావుడిగా వేసిన ప్యాచ్‌ను మర్నాడు ఆయనకు చూపించి సరిచేయించుకునేవాణ్ణి. నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి ఆయన పట్టే రెండో కన్నం మనకు రోడ్డు మీద దొరకదు.

10. ఉగాదికీ దసరాకూ సంచి విప్పండి.

ఉగాది తర్వాత ఎండలు ముదురుతాయి, దసరాకు వానలు తగ్గుముఖం పడతాయి. ఉగాదికి సొల్యూషన్ మార్చండి, తెరవకపోయినా సరే. పాతది ఇంట్లో పనులకు వాడుకోవచ్చు. దసరాకు సైకిలు కడిగి ఆయుధపూజ చేసేటప్పుడు సంచి బోర్లించి, తడిసిన కాగితం పారేసి, లీవర్లకు పట్టిన తుప్పు గీకి, నూనె రాసి తుడవండి. నూనె చేత్తో ప్యాచ్‌లను మాత్రం ముట్టుకోకండి, అంటుకోవు.