ఎవరి టోకెన్ వారిదే

హైదరాబాద్

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట ఇంకా మనసులోనే తిరుగుతోంది. "నా ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంటుంది మామయ్యా, టెస్టింగ్ వాళ్ల చేతికి వెళ్తే మాత్రం ఒకరి వివరాలు ఇంకొకరికి కనబడుతున్నాయట" అన్నావు. కోడ్ చూడకుండానే జబ్బేమిటో సగం అర్థమైంది. నేనూ పడి లేచిన జబ్బే అది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో జావాలో ఒక సెర్వ్‌లెట్, అంటే వెబ్ రిక్వెస్టులకు జవాబిచ్చే క్లాసు, రాశాను. కస్టమర్ పేరును ప్రతి మెథడ్‌కీ పంపడం ఎందుకులే అని, క్లాసులోనే ఒక ఫీల్డు పెట్టుకున్నాను. నేనొక్కణ్ణే కూర్చుని ఎన్నిసార్లు నడిపినా తప్పు రాలేదు. జీతాలు పడే రోజున జనం ఒక్కసారిగా వచ్చేసరికి బండారం బయటపడింది. సెర్వ్‌లెట్‌కు మామూలుగా ఉండేది ఒకే ఆబ్జెక్టు. వచ్చే రిక్వెస్టులన్నీ వేర్వేరు థ్రెడ్ల మీద దానిలోంచే పోతాయి. సెర్వ్‌లెట్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌లో ఏ సెట్టింగూ ముట్టుకోకపోతే ఆ థ్రెడ్లు 200 దాకా ఉంటాయి. ఒకాయన రిక్వెస్టు ఆ ఫీల్డులో తన పేరు రాసి, డేటాబేసు జవాబు కోసం కాసేపు ఆగింది. ఆ కాసేపట్లో ఇంకొకావిడ రిక్వెస్టు వచ్చి అదే ఫీల్డులో తన పేరు రాసింది. ఆయన పేజీ మీద ఆవిడ పేరు పడింది! స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో కంట్రోలర్లూ సర్వీసులూ కూడా మామూలుగా ఒక్కొక్కటే ఉంటాయి. కాబట్టి ముందు అక్కడే వెతుకు.

మరి మనిషి వివరాలు ఎక్కడ దాచాలి అంటావా? గుడి బయట చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకో. చెప్పులు వాళ్ల దగ్గర, టోకెన్ మన దగ్గర. హెచ్‌టీటీపీకి నిన్నటి మనిషీ తెలియదు, ఇప్పుడే వచ్చి వెళ్లిన మనిషీ తెలియదు. అందుకే సర్వర్ మనకొక నంబరు ఇస్తుంది. జేసెషన్‌ఐడీ అనే కుకీలో ఉండేది ఆ నంబరే. సామానంతా సర్వర్లోని హెచ్‌టీటీపీసెషన్‌లో ఉంటుంది.

స్టాండు వాడు టోకెన్ చూస్తాడు తప్ప మొహం చూడడు. నంబరు ఎవడి చేతికి చిక్కితే చెప్పులు వాడివే. అందుకని ఆ కుకీకి హెచ్‌టీటీపీఓన్లీ, సెక్యూర్ గుర్తులు రెండూ పెట్టించు. ఇంకో మోసముంది. మోసగాడు తనకు ముందే తెలిసిన నంబరును నీకు అంటగట్టి, నువ్వు లాగిన్ అయ్యాక అదే నంబరుతో వాడు లోపలికొస్తాడు. కాబట్టి లాగిన్ అవ్వగానే నంబరు మార్చెయ్యాలి. 2013లో వచ్చిన సెర్వ్‌లెట్ 3.1 నుంచి దీనికి ఛేంజ్‌సెషన్‌ఐడీ అనే మెథడే ఉంది. లాగౌట్ అంటే హోమ్ పేజీకి పంపడం కాదు, ఇన్‌వాలిడేట్ పిలిచి సెషన్‌ను చెరిపెయ్యడం. టామ్‌క్యాట్ తనంతట తానైతే 30 నిమిషాలు కదలిక లేకపోయాకే వదిలేస్తుంది. డబ్బుతో పనిచేసే అప్లికేషన్‌కు అది ఎక్కువ.

సెషన్ చేతికొచ్చింది కదా అని అన్నీ అందులో కుక్కకు. సెర్చ్ ఫలితాల లిస్టు మొత్తం దాచావనుకో. మనిషికి 2 ఎంబీ చొప్పున, 3,000 మంది ఉంటే 6 జీబీ. పేజీ మూసేసి వెళ్లిపోయినవాళ్ల బరువు కూడా గడువు తీరేదాకా నీదే. యూజర్ ఐడీ, ఒకటి రెండు చిన్న విషయాలు చాలు.

బరువు తక్కువైనా చిక్కు రావచ్చు. బస్సు టికెట్ సైటులో ఒకాయన ఒక ట్యాబ్‌లో విశాఖ బస్సు ఎంచుకున్నాడు. చూద్దామని రెండో ట్యాబ్‌లో విజయవాడ బస్సు నొక్కాడు. మళ్లీ మొదటి ట్యాబ్‌కొచ్చి డబ్బు కట్టాడు. ఆయన ఎంచుకున్న బస్సును నువ్వు సెషన్‌లో పెట్టి ఉంటే ఆయనకొచ్చేది విజయవాడ టికెట్టే. ట్యాబులు రెండైనా టోకెన్ ఒకటే మరి. పేజీకి సంబంధించినది ఆ పేజీ రిక్వెస్టుతోనే రావాలి. వచ్చినదాన్ని సర్వర్‌లో మళ్లీ సరిచూసుకోవాలి.

ఇక అందరికీ ఉమ్మడిగా ఉండేది సెర్వ్‌లెట్‌కాంటెక్స్ట్, అంటే అప్లికేషన్ స్థాయి. రాష్ట్రాల పేర్లు, పన్ను రేట్లు, అరుదుగా మారే సెట్టింగులు అక్కడ పెట్టు. ఒక్క మనిషికి చెందినదేదీ పెట్టకు. అక్కడ కూడా థ్రెడ్లన్నీ ఒకేసారి చెయ్యిపెడతాయి కాబట్టి, లెక్కలేమైనా పెడితే మామూలు ఇంట్ కాదు, అటామిక్‌ఇంటీజర్ వాడు. మ్యాప్ అయితే కన్‌కరెంట్‌హ్యాష్‌మ్యాప్.

ఇంతా చేసినా సర్వర్లు రెండైతే కథ మళ్లీ మొదటికొస్తుంది. తూర్పు గేటు స్టాండు టోకెన్ పడమటి గేటులో చెల్లదు. సెషన్లను రెడిస్ లాంటి ఉమ్మడి చోట పెట్టాలి, లేదా లోడ్ బ్యాలెన్సర్ ఆ మనిషిని ప్రతిసారీ అదే సర్వర్‌కు పంపాలి. ఈ రెండో పద్ధతిలో ఆ సర్వర్ పడిపోతే సెషన్లూ పోయినట్టే. సెషన్‌ను ఉమ్మడి చోటికి పంపాల్సి రావచ్చు కాబట్టి, అందులో పెట్టే క్లాసులన్నీ సీరియలైజబుల్‌గా ఉంచడం ఇప్పుడే అలవాటు చేసుకో. ఉమ్మడి లెక్కలైతే డేటాబేసులోనే ఉండాలి. సెర్వ్‌లెట్‌కాంటెక్స్ట్ ఏ సర్వర్‌కు ఆ సర్వర్‌దే.

ఇవన్నీ గుర్తుండకపోయినా పర్వాలేదు. ఏదైనా దాచబోయే ముందు రెండు ప్రశ్నలు వేసుకో: ఇది ఎవరిది? ఎంతసేపు ఉండాలి? ఈ రిక్వెస్టు వరకే అయితే లోకల్ వేరియబుల్, లేదా రిక్వెస్టు అట్రిబ్యూట్. ఆ మనిషికి లాగౌట్ దాకా కావాలంటే సెషన్. అందరిదీ, అరుదుగా మారేదీ అయితే అప్లికేషన్. రేపు కూడా కావాలంటే డేటాబేసు.

రేపు ఆఫీసుకెళ్లగానే క్లాసుల పైన ఉన్న ఫీల్డులన్నీ ఒక్కొక్కటే చూడు. తర్వాత రెండు వేర్వేరు బ్రౌజర్లలో ఇద్దరు యూజర్లుగా ఒకేసారి లాగిన్ అయి, మధ్యలో డేటాబేసు కాల్ దగ్గర రెండు సెకన్లు ఆపి నడుపు. తప్పు నీ ల్యాప్‌టాప్‌లోనే కనబడుతుంది. కనబడ్డాక ఫోన్ చెయ్యి. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య