సేనాధిపతి ఉత్సవము

తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవములు తొమ్మిది దినములు. అయినను వానికి నాంది ధ్వజారోహణమునకు ముందునాటి సాయంకాలమే జరుగును. నాడు మాడవీథులకు తొలుత వేంచేయువారు సేనాధిపతియైన విష్వక్సేనులు. ఉత్సవపు ఏర్పాట్లను స్వయముగా పరిశీలించుటకే ఈ ఊరేగింపని పెద్దలు చెప్పుదురు. పిమ్మట మట్టిని సేకరించి, పాలికలలో నింపి, నవధాన్యములను విత్తుదురు. ఇదియే అంకురార్పణము. మొలకలు ఏపుగా వచ్చిన ఉత్సవము నిర్విఘ్నమగునని విశ్వాసము.

పర్యవేక్షణయు పూజలో భాగమేయని ఇందువలన తెలియుచున్నది. వీథిలోని గుంటయో, వదులైన పందిరిగుంజయో వాహనము కదలిన పిదప కనబడిన ప్రయోజనమేమి? గరుడసేవనాటి జనసమ్మర్దములో వృద్ధునకు దాహమిచ్చుటయు, బిడ్డనెత్తుకొన్న తల్లికి వెలుపలికి దారి చూపుటయు ముందుగా తలపవలసినవే. గ్రామములలో ఉత్సవము తలపెట్టు ధర్మకర్తలు అంకురార్పణమునకు ముందే వీథులన్నియు ఒకసారి కాలినడకన తిరిగి చూడవలెను. చీకటి పడిన తరువాత మరియొకసారి.