ఊపిరి లెక్క

లాల్ దర్వాజా,
హైదరాబాద్.

మేనల్లుడా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నీ ప్యాంటు జేబులో సిగరెట్లు దొరికాయట. అడిగితే "నా పైసలు, నా ఊపిరి, నా ఇష్టం" అని తలుపేసుకున్నావట. ఆ మాటకు నాకేం కోపం రాలేదు. పద్దెనిమిది నిండినవాడివి, నీకు సిగరెట్ అమ్మొద్దని చట్టం కూడా చెప్పదు. అందుకని తిట్టడానికి రాయడం లేదు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారకముందే లేచి గ్రౌండ్‌కి పోతున్నావు. నేనేమో బడిపిల్లల్ని పరుగెత్తించి బతికినవాణ్ణి. ఆ లెక్కన నాలుగు మాటలు.

ముందు నీ ఇష్టం సంగతి చూద్దాం. ఈ అలవాటు ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి డాక్టర్లు మొదట అడిగేది రోజుకెన్ని కాలుస్తావని కాదు, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తావని. అరగంట లోపే చెయ్యి జేబులోకి పోతుంటే, రాత్రంతా నికోటిన్ అందక ఒళ్లు దానికోసం అల్లాడుతోందని అర్థం. ఆ జవాబు నాకు చెప్పనక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు. ఇష్టమైన పని వద్దనుకున్న రోజు మానేయగలగాలి. బిర్యానీ నీకు ప్రాణం, అయినా వారం రోజులు దొరక్కపోతే చేతులు వణకవు కదా.

మన బస్తీల్లో ఈ ఇష్టం ఎట్లా పుడుతుందో నేనెరగనిదా? శాలిబండ వైపు ఏ ఇరానీ హోటల్ ముందైనా చూడు. దోస్తులు నలుగురు, చాయ్ రెండు, ఒక్కో కప్పూ ఇద్దరికి. పక్కనే పాన్ డబ్బా, దారానికి వేలాడే లైటర్. డబ్బావాడు ప్యాకెట్ తన దగ్గరే పెట్టుకుని ఒక్కటి తీసి చేతిలో పెడతాడు. ప్యాకెట్ మీద 85 శాతం మేర అచ్చేసిన హెచ్చరిక బొమ్మ గానీ, మానాలనుకునేవాళ్ల కోసం వేసిన ఫోన్ నంబరు గానీ విడిగా కొనేవాడి కంట పడవు. పైగా ఈ ఊళ్లో సిగరెట్టంటే పరాయి సరుకు కాదు. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ 1930లో ఇక్కడే పెట్టారు. మన చార్మినార్ పేరే, బొమ్మే ప్యాకెట్ మీదికెక్కి ఊరూరా తిరిగింది. ఆజామాబాద్ దగ్గరి చౌరస్తాని ఈనాటికీ వీఎస్‌టీ అనే పిలుస్తాం. మీ తాతల కాలం నుంచీ అది మన మనిషిలా పక్కన కూర్చున్నది. కాబట్టి "నా ఇష్టం" అనేముందు, ఆ ఇష్టాన్ని నీ చేతికి అందించినవాళ్లు ఎందరో కూడా లెక్కేసుకో.

ఇక ఊపిరి. కానిస్టేబుల్ ఉద్యోగాల 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. దాంతోపాటు లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. జంప్‌లో, షాట్‌పుట్‌లో సిగరెట్ ఎవరికీ పట్టుబడదు. కొన్ని సెకన్ల పని అది, ఒంట్లో ఉన్న బలంతో అయిపోతుంది. పరుగు దగ్గర బండారం బయటపడుతుంది. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు. మొదటి చుట్టు అందరూ గుర్రాలే. రెండోది కూడా దోస్తుల కేకల మీద గడిచిపోతుంది. మూడో చుట్టులో మలుపు దగ్గర నిలబడి చూస్తే ఎవరి కథేమిటో తెలుస్తుంది. భుజాలు పైకి లేస్తాయి, నోరు తెరుచుకుంటుంది, అడుగు చిన్నదవుతుంది. గీత దాటాక చేతులు మోకాళ్ల మీద పెట్టి దగ్గి, జిగట కళ్లె ఉమ్మేవాణ్ణి నేను ఏమీ అడగను. పొద్దున ఏం చేసి వచ్చాడో ఆ దగ్గే చెప్తుంది.

లోపల జరిగేది ఇది. రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్. సిగరెట్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి సీట్లు ఆక్రమించుకుని దిగనివాళ్లలాంటిదన్న మాట. రోజుకో ప్యాకెట్ కాల్చేవాడి రక్తంలో నూటికి ఐదు సీట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే దానికి పోతాయి. మరోపక్క నికోటిన్ గుండెను అనవసరంగా ఉరికిస్తుంది, రక్తనాళాల్ని బిగిస్తుంది. పొగకు గాలిగొట్టాలు ఇరుకవుతాయి, కళ్లె పెరుగుతుంది. గుండెకేమో పని ఎక్కువ, కాళ్లకేమో ఆక్సిజన్ తక్కువ. మూడో చుట్టులో నీకు ఎదురయ్యేది ఇదే.

దీన్లోనే ఒక మంచి కబురు కూడా ఉంది. ఒంట్లో చేరిన కార్బన్ మోనాక్సైడ్ నాలుగైదు గంటల్లో సగానికి సగం తగ్గుతుంది. రాత్రి నువ్వు పడుకున్నప్పుడు ఒళ్లు తన పని తాను చేసుకుంటుంది. పొద్దున గ్రౌండ్‌కి పోతూ దారిలో వెలిగించావా, ఆ కష్టమంతా మూసీలో కలిపినట్టే. నీ ప్రాక్టీసుకు అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసే సిగరెట్ అదే.

సిగరెట్ కాలుస్తూ ఆ 7 నిమిషాల 15 సెకన్లలోపే గీత దాటినవాళ్లు లేరా అంటావేమో. ఉన్నారు. ఇరవై ఏళ్ల ఒళ్లు చాలా మోస్తుంది. కానీ ఉద్యోగం గీత దగ్గర ముగియదు. నెలల తరబడి ట్రైనింగ్, ఆ తర్వాత బోనాలకు, గణేశ్ నిమజ్జనానికి, మొహర్రం ఊరేగింపుకు గంటలకు గంటలు రోడ్డు మీద నిలబడాలి. అప్పటికి నీ వయసు ఇరవై ఉండదు.

రహీం సాబ్ సంగతి నీకు తెలుసు, 'మైదాన్' సినిమా చూశావు. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషి, వృత్తికి పంతులు. ఆయన చేతికింద భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. ఆటగాళ్ల దమ్ము గురించి, క్రమశిక్షణ గురించి ఆయనకు తెలిసినంత ఈ దేశంలో ఎందరికి తెలుసు? ఆయన సిగరెట్ మీద సిగరెట్ కాల్చేవాడని చెప్తారు. జకార్తా గెలుపు తర్వాత ఏడాదైనా గడవలేదు, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికి అరవై కూడా నిండలేదు. ఆ పేరు నిన్ను భయపెట్టడానికి ఎత్తలేదు. అంత తెలిసినవాడికే లొంగనిది నీకు ఒక్క రోజులో లొంగకపోతే సిగ్గుపడొద్దని చెప్పడానికి ఎత్తాను. తెలివికీ దీనికీ సంబంధం లేదు. పట్టుదలతో పాటు ఉపాయం కూడా కావాలి.

ఆ ఉపాయాలు చెప్తా. మానే రోజు ముందే ఖాయం చేసుకో. పాన్ డబ్బా లేని దారిలో గ్రౌండ్‌కి పో. చాయ్ మానక్కర్లేదు, కాల్చని దోస్తుతో తాగు. మనసు లాగినప్పుడు ఆ లాగుడు కొన్ని నిమిషాలే ఉంటుంది. లేచి గబగబా నడువు, నాలుగు మెట్లెక్కు. మొదటి వారం చిరాకు, ఆకలి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మీ అమ్మకు ముందే చెప్పి పెట్టు, నీ కసుర్లకు బాధపడకుండా ఉంటుంది. దగ్గు కొన్నాళ్లు ఎక్కువైనా కంగారుపడకు. నికోటిన్ గమ్ మెడికల్ షాపులో దొరుకుతుంది, ఎట్లా వాడాలో డాక్టర్ని అడుగు. 1800-11-2356కి ఫోన్ చేస్తే మాట్లాడి దారి చూపిస్తారు, పైసా ఖర్చు లేదు. మధ్యలో ఒకటి కాల్చావే అనుకో, అంతా పోయిందని ప్యాకెట్ కొనకు, మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టు. సిగరెట్ బదులు హుక్కా అని ఎవడైనా అంటే నమ్మకు. దాని బొగ్గులోంచి వచ్చేదీ అదే కార్బన్ మోనాక్సైడ్.

ఇంకో మాట. నీ ఊపిరి నీదే, ఒప్పుకున్నా. కానీ మీది రెండు గదుల ఇల్లు, అమ్మమ్మకు ఆయాసం. కిటికీ దగ్గర నిలబడి వదిలినా ఆ పొగ ఆమె మంచం దాకా వస్తుంది. ఆమె ఇష్టం ఎవరూ అడగలేదు. పైసల గురించి నేనేం చెప్పను. పరుగుకు మంచి బూట్లు లేవని మొన్న నువ్వే అన్నావు.

నా మాట నమ్మమనడం లేదు, గడియారాన్ని నమ్ము. ఈ ఆదివారం 1600 మీటర్లు పరుగెత్తి టైం రాసుకో. నాలుగు వారాలు ఒక్కటీ ముట్టకుండా, అదే గ్రౌండ్‌లో, అదే వేళకు, ప్రతి ఆదివారం పరుగెత్తి రాయి. ఆ కాగితం నాకు పంపు. నాలుగు వారాలు ఆగగలిగితే ఇష్టం నీదేనని నేను ఒప్పుకుంటా, ఆపైన కాల్చాలో వద్దో నువ్వే తేల్చుకో. ఆగలేకపోతే దాన్ని ఇష్టమనడం మానేసి, నన్ను తోడు తీసుకుని దవాఖానకు రా.

నీ క్షేమం కోరే,
మేనమామ