తెవులు – తెగులు

ప్రాచీన తెలుగులో "తెవులు" అనగా మనిషికి కలిగే రోగము. "తెవులుగొంటు" అనగా రోగి. ఆ మాటయే "తెగులు"గా మారి నేడు ఎక్కువగా పైరుకే పరిమితమైనది. పంటకు తెగులు సోకినదంటాము, బిడ్డకు జబ్బు చేసినదంటాము. మాట రెండుగా చీలినట్లే మన ఆలోచన కూడా చీలినది. పైరు సంగతి వ్యవసాయాధికారిది, ఒంటి సంగతి వైద్యునిది అని ఊరకుంటున్నాము. మొక్కకు సోకే సూక్ష్మజీవులలో అధికభాగము మనిషికి సోకవన్న మాట నిజమే. అయితే ఈ హద్దును లెక్కచేయనివి కొన్ని ఉన్నవి. అట్టి దానిలో ఒకటి మన పొలములోనే, మన వేరుశనగ కాయలోనే ఉన్నది. పెన్న ఒడ్డున ఉన్న పామిడి విద్యార్థులకు ఇంతకంటె దగ్గరి పాఠము మరొకటి ఉండదు.

వ్యాధి పుట్టడానికి సూక్ష్మజీవి ఒక్కటే చాలదు. ఆశ్రయమిచ్చే జీవి, వ్యాధికారకము, అనుకూలమైన పరిస్థితి – ఈ మూడూ ఒకచోట కూడాలి. శత్రువు ఎప్పుడూ కోట చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ద్వారము తెరిచి ఉన్నప్పుడే లోపలికి వస్తాడు. ఆ ద్వారము ఎట్లా తెరుచుకొంటుందో తెలుసుకోవడమే ఈ పరిశోధనల సారాంశము.

ఆకుమీది గాయము

2000వ సంవత్సరములో అనంతపురం జిల్లా వేరుశనగ పైరును ఒక వింత తెగులు ముంచెత్తినది. లేతాకులు మాడి, మొవ్వులు ఎండి, కాండము నల్లబడి మొక్కలు చచ్చిపోయినవి. దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిని, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టము వాటిల్లినది. పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించి, దీనికి కారణము టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చినారు.

ఆ వైరస్ ఎక్కడ దాగినది? గట్లమీద, బాటల పక్కన విరివిగా పెరిగే వయ్యారిభామ మొక్కలో. దానికి ఆ వైరస్ వలన పైకి ఏ బాధా కనిపించదు. దాని పుప్పొడిలో మాత్రము వైరస్ నిండి ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి, తామరపురుగుల ఒంటికి అంటి వేరుశనగ ఆకుపై పడుతుంది. తామరపురుగు ఆకును గీరి రసము పీల్చినప్పుడు ఏర్పడే చిన్న గాయమే వైరస్‌కు ద్వారము. వైరస్ తనంతట తాను తలుపు తెరువలేదు. పురుగు తెరిచి ఇచ్చినది. కనుకనే గట్లపై వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయుట, పొలము చుట్టూ జొన్నను కంచెపైరుగా నాలుగు వరుసలు వేయుట అనే సులభోపాయములను శాస్త్రజ్ఞులు సూచించినారు.

కాయలోని బూజు

ఈ వైరస్ మనిషి ఒంటిని తాకలేదు, అతని బ్రతుకును మాత్రము తాకినది. ఒంటినే తాకగల శత్రువు మరొకటి ఉన్నది. దాని పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్. ఆకుపచ్చ, పసుపు కలిసిన వన్నె గల బూజు. ఇది నేలలో కుళ్ళిన చెత్తపై బ్రతుకుతుంది. వేరుశనగ ఊడ నేలలోకి దిగి కాయగా మారేటప్పుడు ఆ కాయ ఈ బూజు మధ్యనే పెరుగుతుంది. మొక్కకు తేమ ఉన్నంతకాలము గింజ తనను తాను కాపాడుకొనే రసాయనములను తయారుచేసుకొంటుంది. పంట చివరి వారములలో వాన మొగము చాటువేస్తే నేల కాగుతుంది, గింజలో తేమ తగ్గుతుంది, ఆ రక్షణశక్తి నశిస్తుంది. చెదలు కొరికిన కాయ అయితే ద్వారము మరింత తెరుచుకొంటుంది. మన జిల్లాలో ద్వారము తెరిచేది చాలావరకు కరవే.

కోత తరువాత కూడా ప్రమాదము పోదు. పచ్చికాయను సరిగా ఎండబెట్టకపోయినా, వామిలో వాన నీరు దిగినా, యంత్రములో గింజ పగలకుండా కాయలపై నీరు చల్లి ఒలిచినా బూజు విజృంభిస్తుంది. అది విసర్జించే విషమే అఫ్లాటాక్సిన్. వేయించినా, ఉడికించినా ఇది పూర్తిగా పోదు. నూనె తీసిన తరువాత అధికభాగము చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క తిన్న పాడిపశువు పాలలోకి కొంత రూపుమారి చేరుతుంది.

మనిషి ఒంటిలో

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అకస్మాత్తుగా చనిపోయినవి. వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఈ విషము బయటపడినది. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రముల సరిహద్దులో అకాలవర్షములకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని గిరిజనులు కామెర్లతో పడిపోయినారు. నూరుమందికి పైగా మరణించినారు. ఈ దుర్ఘటనను శోధించి గుట్టు విప్పినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు.

ఒక్కసారి ఎక్కువగా తింటే ఇట్లు ప్రాణము తీస్తుంది. కొద్దికొద్దిగా ఏళ్ళతరబడి తింటే చేసే కీడు కంటికి కనబడదు. కాలేయము ఈ విషమును విసర్జించే ప్రయత్నములోనే దానిని మరింత తీవ్రమైన రూపములోకి మారుస్తుంది. ఆ రూపము కణములోని డి.ఎన్.ఏ.కు అతుక్కొని క్యాన్సరుకు బీజము వేస్తుంది. హెపటైటిస్ బి వైరస్ ఉన్నవారిలో ఈ ప్రమాదము అనేకరెట్లు పెరుగుతుంది. ఆ వైరస్‌ను అడ్డుకొనే టీకాను 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ చౌకగా అందించడముతో ఒక ద్వారమును మూయడము సామాన్యులకూ సాధ్యమైనది.

ఈ బూజు విషముతోనే కాదు, తానుగా కూడా మనిషిని ఆశ్రయించగలదు. కోతవేళ ఆకో, పుల్లో, మట్టిరేణువో తగిలి కంటి కార్నియా గీసుకొనిపోతే, ఆ గీతగుండా ఈ జాతి శిలీంధ్రములు దిగి పుండు పుట్టిస్తవి. ఆకుపసర్లు పిండుకొని, తెలియని చుక్కల మందులు వేసుకొని ఆలస్యము చేసినవారు చూపు పోగొట్టుకొన్న సందర్భములు ఎన్నో ఉన్నవి. ఆకుమీద తామరపురుగు చేసిన గీతకు, కంటిమీద పుల్ల చేసిన గీతకు పోలిక గమనింపదగినది.

మనము చేయగల పని

వానను మనము కురిపించలేము. మిగిలిన తలుపులు మన చేతిలో ఉన్నవి. గింజలో తేమ 8 శాతమునకు తగ్గేవరకు కాయలు ఎండబెట్టుట, పగిలిన, ముడుతపడిన, రంగు మారిన గింజలు ఏరివేయుట, ఒలిచేటప్పుడు నీరు చల్లకుండుట, నేలపై గాక బల్లలపై బస్తాలు పేర్చుట – వీటికి పెద్ద ఖర్చు లేదు.

అయితే ఒక చేదు నిజము చెప్పక తప్పదు. ఏరివేసిన గింజ ఎక్కడికి పోతున్నది? మేలైన గింజ అమ్మకానికి, తాలు గింజ ఇంటికి – ఇది పేదరైతు ఇంటి నియమము. విదేశముల కొనుగోలుదారులు మన గింజను పరీక్షించి, నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములు మించి విషముంటే ఐరోపావారు తిప్పి పంపుతారు. మన ఊరిబిండిలో పడే గింజను పరీక్షించేవారెవరు? విషము ఎక్కువగా ఉండేది ఆ తాలులోనే. దానిని తినేది కూలితల్లి, ఆమె బిడ్డ, ఇంటి గొడ్డు. పంచవలసినది, తినవలసినది మేలైన గింజ, తాలు పారవేయవలసినది. ఈ ఒక్క మాట ఇంటింటా నాటుకొంటే ఈ వ్యాసము సార్థకమైనట్లే.

పటాన్‌చెరువులో తేలిన సత్యము పామిడి కళ్ళము దాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టవలసిన పని లేదు. అది ఆంగ్లములో ఉండిపోయినందున ఆగిపోయినది. విద్యార్థులు దానిని సులభమైన తెలుగులో, ఉర్దూలో ఒక్క పుట కరపత్రముగా వ్రాసి, కోతలకు ముందు ఊరిలో, సంతలో, మసీదు గుమ్మములో, రచ్చబండ దగ్గర చదివి వినిపించవచ్చును. కళాశాల కమిటీ పెద్దలు అచ్చు ఖర్చు భరిస్తే అంతకు మించిన విద్యాదానము లేదు. పూర్వులు పైరుకు, మనిషికి ఒకే మాట వాడినారు. రెండింటి క్షేమమును ఒకటిగా చూడడము మనవంతు.