ముఖం చూసి హాజరు వేసే యంత్రం



రోజూ ఉదయం మీ తరగతి ఉపాధ్యాయులు హాజరు పట్టీ తీసి పేర్లు పిలుస్తారు. మీరు "ప్రెజెంట్ సార్" అంటారు. నలభై మంది ఉన్న తరగతిలో ఈ పనికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఏడాదికి ఎన్ని గంటలవుతుందో లెక్క కట్టి చూడండి. మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

స్వీడన్ దేశంలో షెలెఫ్టియో అనే పట్టణం ఉంది. అక్కడి హైస్కూలు వారు కూడా ఇలాగే లెక్క కట్టారు. అన్ని తరగతులకూ కలిపి ఏడాదికి 17 వేల గంటలకు పైగా హాజరుకే పోతున్నదని తేలింది. ఈ పనిని యంత్రానికి అప్పగిస్తే బాగుంటుందనుకున్నారు. 2018లో 22 మంది విద్యార్థులతో మూడు వారాలపాటు ప్రయోగం చేశారు. పిల్లలు తరగతి గదిలోకి వస్తుంటే కెమెరా వారి ముఖాలను తీసేది. ముందుగా తీసి ఉంచిన ఫోటోలతో కంప్యూటరు వాటిని పోల్చి హాజరు వేసేది.

యంత్రం ముఖాన్ని ఎలా గుర్తుపడుతుంది? అది మనలాగా చూడదు. ముందుగా దానికి ఎన్నో ముఖాల ఫోటోలు చూపి, ఒక ముఖానికీ మరొక ముఖానికీ ఉండే తేడాలను పట్టుకోవడం నేర్పుతారు. ఆ తరువాత అది ప్రతి ముఖాన్నీ ఒక అంకెల వరుసగా మారుస్తుంది. రెండు వరుసలు బాగా దగ్గరగా ఉంటే "ఒకే మనిషి" అంటుంది. కృత్రిమ మేధ చేసే పనులలో ఇది ఒకటి.

ఇందులో తప్పేముంది అని మీరు అడగవచ్చు. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ కూడా లేదు. దానిని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. తల్లిదండ్రుల అనుమతి కూడా తీసుకున్నారు. అయినా స్వీడన్ సమాచార పరిరక్షణ సంస్థ విచారణ జరిపి, 2019 ఆగస్టులో రెండు లక్షల స్వీడిష్ క్రోనార్ల జరిమానా విధించింది. ఐరోపాలో 2018 మే 25 నుండి అమలులోకి వచ్చిన వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కింద స్వీడన్‌లో పడిన మొదటి జరిమానా ఇదే.

ఆ సంస్థ ఏయే విషయాలు చూసిందో తెలుసుకుందాం.

మొదటిది, అవసరం. హాజరు వేయడానికి ఇంతకన్నా తేలిక మార్గాలున్నాయి. అటువంటప్పుడు పిల్లల ముఖాలను కొలవడం ఎందుకు? తాళంచెవి పోతే తాళం మార్చుకోవచ్చు. ముఖాన్ని మార్చుకోలేం. అందుకే ముఖపు కొలతలకు చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చింది.

రెండవది, సమ్మతి. ఇది బాగా ఆలోచించవలసిన విషయం. నేను తరగతిలో నిలబడి, "దీనికి ఇష్టం లేనివారు చేయి ఎత్తండి" అంటే ఎంతమంది ఎత్తుతారు? మార్కులు వేసేది నేనే, హాజరు వేసేదీ నేనే. విద్యార్థి పాఠశాల మీద ఆధారపడి ఉన్నాడు కాబట్టి అతడు ఇచ్చిన అనుమతి స్వేచ్ఛగా ఇచ్చినది కాదని ఆ సంస్థ తేల్చింది. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఈ మాట బాగా తగిలింది. నా తరగతిలో వినిపించే "అలాగే సార్"లలో ఎన్ని నిజమైనవో!

మూడవది, ముందుచూపు. ప్రయోగం మొదలుపెట్టక ముందే దానివల్ల కలిగే హానిని సరిగా అంచనా వేసి, సంస్థను సంప్రదించవలసింది. పాఠశాల వారు అలా చేయలేదు.

మాట్లాడే యంత్రాల విషయంలోనూ ఇవే ప్రశ్నలు వచ్చాయి. 2023 మార్చి చివర ఇటలీలోని ఇలాంటి సంస్థ చాట్‌జీపీటీని తాత్కాలికంగా ఆపించింది. ప్రజల సమాచారంతో యంత్రానికి శిక్షణ ఇచ్చే హక్కు ఎక్కడిది, చిన్నపిల్లలు వాడకుండా వయసు ఎలా చూస్తున్నారు అని అడిగింది. కంపెనీ కొన్ని మార్పులు చేశాక ఏప్రిల్ చివర మళ్లీ అనుమతించింది. చూశారా! యంత్రం ఎంత తెలివైనది అని ఈ సంస్థలు అడగవు. అది ఎవరి సమాచారం, ఏ హక్కుతో తీసుకున్నారు, దానివల్ల ఎవరికి హాని అని అడుగుతాయి.

మన దేశంలో 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. దాని ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి ఉండాలి.

మీరే చేసి చూడండి: ముగ్గురు స్నేహితుల ముఖాలపై కంటికీ కంటికీ మధ్య దూరాన్ని, ముక్కు పొడవును, నోటి వెడల్పును దారంతో కొలిచి, దారాన్ని స్కేలుపై పెట్టి చూడండి. పేర్లు లేకుండా అంకెలు మాత్రమే రాయండి. ఏ అంకెలు ఎవరివో నాలుగవ స్నేహితుడు చెప్పగలడేమో చూడండి. కొలిచే ముందు ఎందుకు కొలుస్తున్నారో వారికి చెప్పండి. "వద్దు" అన్నవారిని వదిలేయండి, బలవంతం చేయకండి. పని అయ్యాక ఆ కాగితం చింపివేయండి.

ఈ చివరి మూడు వాక్యాలలో నేటి పాఠమంతా ఉంది.